వార్త ఆధారంగా నిలిచే తీరు: అచ్చుపత్రిక నుండి అంతర్జాలం దాకా

పత్రిక చివరి పుట అడుగున చిన్న అక్షరాలలో ఉండే ముద్రాపక, ప్రకాశక, సంపాదకుల వివరాలను సామాన్య పాఠకులు చదవరు. చరిత్ర పరిశోధకునికి ఆ పంక్తే మొదటి ఆధారం. 1867 నాటి ప్రెస్, గ్రంథాల రిజిస్ట్రేషన్ చట్టం ముద్రాపకుని పేరునూ, ముద్రణస్థలాన్నీ, ప్రకాశకుని పేరునూ అచ్చువేయడాన్ని నిర్బంధం చేసింది. సంపాదకుని పేరు తర్వాతి సవరణతో చేరింది. వలసప్రభుత్వం దీనిని పత్రికలపై నిఘాకు ఉద్దేశించిందే తప్ప చరిత్రరచనకు కాదు. అయినా 1902లో బందరులో మొదలైన ‘కృష్ణాపత్రిక’లోని ఒక వార్తను ఫలానా తేదీ, ఫలానా పుట అని నేడు నమ్మకంగా ఉదాహరించగలగడానికి ఆ కట్టుబాటు కొంత కారణం.

తేదీతోపాటు చోటు కూడా ఆధారమే. ‘ఆంధ్రపత్రిక’ 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా మారడం ఆంధ్రోద్యమ చరిత్రలో ఒక భాగం. 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టిన తరువాత చోటుకు మరొక అర్థం వచ్చింది. ఒకే పేరు, ఒకే తేదీ గల పత్రిక నెల్లూరులో ఒక రూపంలోనూ, కరీంనగర్‌లో వేరొక రూపంలోనూ పాఠకులకు అందసాగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పేరుతో ప్రసిద్ధికెక్కిన సారా వ్యతిరేకోద్యమాన్ని అధ్యయనం చేసేవారికి ఇది కీలకం. గ్రామీణ స్త్రీల పోరాటం జిల్లాపుటలో ఎన్నడు కనిపించింది, ప్రధానపుటకు ఎన్నడు ఎక్కింది అన్న రెండు తేదీల మధ్య దూరం ఉద్యమవ్యాప్తిని కొలిచే సాధనం. 1993 అక్టోబరు 1న సారా నిషేధం అమలులోకి వచ్చేనాటికి ఆ దూరం పూర్తిగా చెరిగిపోయింది. రెండు పుటలూ వేరువేరు కాగితాలుగా మిగలడం వల్లనే ఈ పోలిక సాధ్యం.

అంతర్జాలంలో వార్త ఇలా మిగలదు. ఉదయం వెలువడిన కథనం అదే చిరునామాలో మధ్యాహ్నానికి శీర్షిక మార్చుకోవచ్చు. సాయంత్రానికి ఒక పేరా పోవచ్చు. అచ్చుపత్రిక తన పొరపాటును మరునాడు ‘సవరణ’గా ప్రకటించేది కనుక తప్పూ దిద్దుబాటూ రెండూ దాఖలాలో ఉండేవి. ఇప్పుడు దిద్దుబాటు తప్పును మింగివేస్తుంది. పరిశోధన వ్యాసాలలో అంతర్జాల వార్త పక్కన ‘చూసిన తేదీ’ వేసే ఆచారం ఈ అస్థిరత్వానికి ఒప్పుకోలు వంటిదే.

తెలుగుకు అదనంగా ఒక చిక్కు ఉంది. అది లిపికి సంబంధించినది. 1991లోనే యూనికోడ్ తొలి రూపంలో తెలుగుకు స్థానం దక్కింది. కానీ తెలుగు పత్రికలు అంతర్జాలంలో అడుగుపెట్టిన తొలి సంవత్సరాలలో ఎవరికి వారు సొంత ఫాంట్లు వాడారు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలను రోమన్ సంకేతాల స్థానంలో కూర్చారు. ఫాంటు ఉన్నంతవరకు తెరపై తెలుగు. అది లేనినాడు అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస. ‘పద్మ’ వంటి లిపిమార్పిడి పరికరాలు కొంత ఆదుకున్నాయి గాని, ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క పట్టిక కావలసి వచ్చింది. పుటను బొమ్మగా చూపే ఈ-పేపర్లలో మరొక ఇబ్బంది: కంటికి కనబడే మాట వెదుకులాటకు దొరకదు. ‘అంతర్జాలం’, ‘చరవాణి’ వంటి పదాలు పత్రికాభాషలో ఎప్పుడు, ఎలా స్థిరపడ్డాయో తేల్చవలసిన నిఘంటుకారునికి సరిగ్గా ఆ సంవత్సరాల పాఠమే అందనిదయింది. పత్రికల చరిత్రకారులకన్నా భాషాశాస్త్రవేత్తలకే ఇందులో నష్టం ఎక్కువ.

డిజిటల్ సాంకేతికత చేసిన మేలును కాదనలేము. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేసి అందుబాటులోకి తెచ్చిన తరువాత, వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలకు వెళ్ళి పొడిబారిన కాగితాలు తిప్పవలసిన శ్రమ కొంత తగ్గింది. అయితే స్కాన్ చేయడానికి ముందు ఎవరో ఒకరు ఆ కాగితాన్ని దాచి ఉంచారు. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టాన్ని 1956లో వార్తాపత్రికలకూ వర్తింపజేయడంతో ఆ బాధ్యత మద్రాసు కన్నెమరా వంటి గ్రంథాలయాలకు చేరింది. తెరపై మాత్రమే వెలువడే వార్తకు అటువంటి సమర్పణ నియమం రాలేదు. 2021 నాటి డిజిటల్ మాధ్యమ నియమాలు ప్రచురణకర్తల వివరాలను మంత్రిత్వశాఖకు ఇమ్మన్నాయి. ప్రతిని గ్రంథాలయానికి ఇమ్మనలేదు. 1867 చట్టం స్థానంలో వచ్చిన 2023 నాటి ప్రెస్, నియతకాలికాల రిజిస్ట్రేషన్ చట్టం కూడా ‘నియతకాలికం’ అనే మాటను అచ్చయినదానికే పరిమితం చేసింది.