మచిలీపట్నం బట్టకు ఎన్ని పేర్లో!

ముసునూరు నుంచి మాట్లాడుతున్నా. వేసవిలో మా దగ్గర ఎవరూ "మామిడి ఇవ్వండి" అనరు. చిన్న రసాలా, పెద్ద రసాలా అంటారు. ఆన్‌లైన్‌లో కీవర్డ్ అంటే అదే, కొనేవాళ్ల నోట్లో ఉన్న మాట.

మచిలీపట్నంలో ఇది పాత కథే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ దిగింది. మనవాళ్లకు ఆ పని అద్దకం. కలంకారీ అన్న మాట పారశీకం నుంచి వచ్చింది. పోర్చుగీసువాళ్లు పింటాడో అన్నారు, డచ్చివాళ్లు సిట్స్, ఇంగ్లీషువాళ్లు చింట్జ్. ఏ రేవులో ఏ మాట నడిస్తే ఆ మాట! ఎంత గిరాకీ అంటే, అక్కడి నేతగాళ్లు గోలపెడితే ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, ఇంగ్లండ్ 1700లో చట్టం చేసింది.

ఇప్పుడు చిక్కు వేరు. "కలంకారీ" అని కొట్టి చూడండి, మిల్లు ప్రింట్లు గుట్టలుగా వస్తాయి. పెడనలో కరక్కాయ నీళ్లలో నానబెట్టి, చెక్క అచ్చుతో అద్ది, ఉడకబెట్టి ఉతికిన బట్ట ఆ గుట్ట అడుగున ఎక్కడో ఉంటుంది. పేరు మనది, అమ్మకం వాళ్లది.

అందుకే కలంకారీ అన్న మాటను ఒంటరిగా వదలకండి. పక్కన "హ్యాండ్ బ్లాక్", "నేచురల్ డై" ఉండాలి. కలంతో గీసేది శ్రీకాళహస్తిలో; పెడన బట్టకు "పెన్ కలంకారీ" అని పెడితే అబద్ధమే. ఎట్సీలో వస్తువుకు 13 ట్యాగులు, ఒక్కోటి 20 అక్షరాల లోపు. "బ్లాక్ ప్రింట్ దుపట్టా" ఇంగ్లీషులో ఖాళీలతో కలిపి 19, సరిపోతుంది. "బ్యూటిఫుల్", "యూనిక్" అని ఎవరు వెతుకుతారండీ? ఆ చోటు "పెడన"కి ఇవ్వండి. వెతికేవాళ్లు తక్కువే కావచ్చు, కానీ వాళ్లు మిల్లు బట్ట కోసం రారు.