ఆపదను దెలుపు ఆంగ్ల జాతీయములు : ఉత్పత్తి విచారము

జాతీయముల పుట్టుకను గూర్చి చెప్పబడు కథలలో రమ్యత యెక్కువ, సాక్ష్యము తక్కువ. ఆపదను దెలుపు మూడు ఆంగ్ల జాతీయములను గైకొని యీ విషయమును పరిశీలింతము.

మొదటిది 'ఇన్ హాట్ వాటర్'. వేడినీటిలో నుండుట యనగా చిక్కులో పడుట. దీనిని ప్రాచీన ఇంగ్లండునందలి దివ్యపరీక్షతో ముడిపెట్టువారు కలరు. ఆ పరీక్షలో నిందితుడు మరుగునీటిలో చేయి ముంచి రాతిని పైకి తీయవలెను. చేతికి కట్టు కట్టి, మూడు దినముల పిమ్మట విప్పి చూచి, పుండు తీరును బట్టి దోషనిర్ణయము చేసెడివారు. ఇట్టి పరీక్షలలో మతాచార్యులు పాల్గొనరాదని 1215లో లాటరన్ మహాసభ శాసించెను. 1219లో ఇంగ్లండు ప్రభుత్వము వీనిని విడిచిపెట్టెను. జాతీయ ప్రయోగములో, పదునారవ శతాబ్దమున గాని కానరావు. నడుమనున్న మూడువందల యేండ్ల మౌనమునకు ఆ కథ సమాధానము చెప్పజాలదు. వేడినీట చేయి కాలిన యే యింటనైనను ఇట్టి పలుకు పుట్టవచ్చును.

రెండవది 'ఇన్ ఎ పికిల్'. పికిల్ అనగా నేడు మనకు ఊరగాయ స్ఫురించును. కాని యీ పదము ఉప్పునీటిని దెలుపు 'పెకెల్' అను డచ్చి పదమునకు చుట్టము. మధ్యయుగపు ఆంగ్లమున మాంసముతో వడ్డించు, సంబారములు కలిపిన ద్రవమునకు ఇది పేరు. 1611లో ప్రదర్శింపబడి 1623లో ముద్రితమైన షేక్‌స్పియరు నాటకము 'ది టెంపెస్ట్'లో, త్రాగి తూలుచున్న ట్రింక్యులో విషయమున ఈ పలుకు వినబడును. అచట మద్యమున నానుటయు, దురవస్థయు రెండును స్ఫురించును. డచ్చిలోను ఉప్పునీటిలో కూర్చుండుట యనగా చిక్కులో నుండుటయే. కావున పదముతోపాటు భావమును వలస వచ్చెనని యూహింపవచ్చును.

మూడవది 'బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ'. మన 'ముందు నుయ్యి వెనుక గొయ్యి'కి ఇది సన్నిహితము. డెవిల్ అనగా దయ్యము కాదనియు, ఓడ పలకల నడుమ తారు పూయు ఒకానొక సందు పేరనియు కొందరందురు. వారికి ఆధారమగు స్మిత్ నావిక నిఘంటువు 1867లో వెలువడినది. ఆ సందునకు ఆ పేరేల కలిగెనో పూతపనివారికే తెలియవలెనని అందే కలదు. జాతీయమో, అంతకు 230 ఏండ్లకు పూర్వమే, స్వీడను రాజు కొలువున నుండిన స్కాట్లండు సేనాని రాబర్ట్ మన్రో 1637లో ప్రకటించిన యుద్ధస్మృతులలో నున్నది. శత్రువుల గుండ్లతోపాటు, దూరము చాలని స్వపక్షపు గుండ్లును తమపై పడుచుండగా ఆయన యీ మాట వాడెను. ఆయన భూసేనాని, ఆ సందర్భమున ఓడ ప్రసక్తియే లేదు.

ఉత్పత్తి కథ వినినపుడు, తొలి ప్రయోగమెప్పటిదని మొదట అడుగవలెను. మన సామెతలకు తరగతులలో చెప్పు కథలను సైతము పరిశోధక విద్యార్థులు ఈ గీటురాతిపై పరీక్షింతురు గాక.