క్యారీలో కాఫీ, కూర్చునే చోటు

శనివారం ఉదయం క్యారీలో కాఫీ షాపుకు వెళితే ఏదో ఒక బల్ల దగ్గర తెలుగు వినబడుతుంది. వేంకటేశ్వరస్వామి గుడి నుంచి తిరిగి వస్తూ ఆగినవాళ్ళు ఒకచోట, పిల్లల్ని ఈత క్లాసులో దింపి వచ్చిన తండ్రులు మరొకచోట, ఇళ్ళ ధరల దగ్గర మొదలుపెట్టి ఇండియా టిక్కెట్ల దాకా మాట్లాడుకుంటూ ఉంటారు. ఇక్కడి కాఫీ మన ఫిల్టర్ డికాక్షన్‌కు సాటి రాదన్నది వేరే సంగతి. మేమూ ఆ బల్లల దగ్గర చాలా గంటలు గడిపినవాళ్ళమే. ఈమధ్య ఈ ప్రాంతం చరిత్ర కొంత చదివాక, ఆ కుర్చీల సంగతి పాఠకులతో ముచ్చటించాలనిపించింది.

మొదట ఊరి పేరే ఒక వింత. ఫ్రాంక్ పేజ్ అనే కలప వ్యాపారి 1854లో ఇక్కడ 300 ఎకరాలు కొని ఊరికి పునాది వేశాడు. ఆయన పెట్టిన పేరు శామ్యూల్ ఫెంటన్ క్యారీది. ఈ క్యారీగారు ఒహాయో రాజకీయవేత్త, మద్యపానానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలిచ్చి పేరు పొందిన వక్త. అంటే మన వారాంతపు విందులు జరుగుతున్నది ఒక మద్యనిషేధవాది పేరు గల ఊళ్ళోనన్నమాట! రైలు ప్రయాణికుల కోసం పేజ్ 1868 ప్రాంతంలో కట్టించిన హోటలు పేజ్-వాకర్ పేరుతో నేటికీ నిలిచి ఉంది. ఊరికి 1871లో పురపాలక హోదా వచ్చింది. 1960లో జనాభా 3,356. 2020 నాటికి 1,74,721.

సారాకొట్టు లేని చిన్న ఊళ్ళో జనం కలుసుకునేదెక్కడ? దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల మందుల షాపులో. ఒక పక్క మాత్రలు, మరొక పక్క సోడా, ఐస్‌క్రీము, కాఫీ. మందుచీటీలు రాసే వృత్తిలో ఉన్న మాకు ఇది విడ్డూరంగానే తోచింది. కాని పెప్సీకోలా పుట్టింది కూడా అటువంటి షాపులోనే. మన ఉత్తర కెరొలినాలోని న్యూబర్న్‌లో 1893లో కేలబ్ బ్రాడమ్ అనే ఫార్మసిస్టు దానిని తయారుచేశాడు. క్యారీలో చాథం వీధి మీద 1957లో వెలసిన ఆష్వర్త్ మందుల షాపులోని సోడా కౌంటరు ఈ ఊరి పాతకాపులకు రచ్చబండ.

ఇక అసలు సంగతి. ఆనాటి దక్షిణాదిలో సామాను కొనడానికి అందరూ పనికివచ్చేవారు గాని, కూర్చుని తినడానికి కాదు. మనకు సుమారు 70 మైళ్ళ దూరంలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు, ఎజెల్ బ్లేర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్నీల్, ఊల్‌వర్త్ షాపులో చిల్లర సామాను కొని, రసీదు జేబులో పెట్టుకుని, లంచ్ కౌంటరు ముందు కూర్చున్నారు. అడిగింది కాఫీ. ఇవ్వలేదు. షాపు మూసేదాకా లేవలేదు. మర్నాడు ఇరవైమందికి పైగా వచ్చారు, ఆ వారంలోనే వందలమంది అయ్యారు. పక్కనున్న రాలీలోనూ విద్యార్థులు కౌంటర్ల ముందు కూర్చున్నారు. ఆ ఏప్రిల్‌లో రాలీలోని షా విశ్వవిద్యాలయంలో జరిగిన విద్యార్థుల సభలో మాట్లాడినవారిలో జేమ్స్ లాసన్ ఒకరు. ఆయన నాగపూరులో కొన్నేళ్ళుండి గాంధీగారి సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేసి వచ్చినవాడు.

జూలై 25న ఊల్‌వర్త్ దిగివచ్చింది. ఆ కౌంటరులో మొదట తిన్న నల్లవాళ్ళు ఆ షాపులో పనిచేసేవాళ్ళే. అన్నాళ్ళూ వాళ్ళు పనిచేసిన చోట వాళ్ళకే స్టూలు లేదు!

1964లో పౌరహక్కుల చట్టం, ఆ మరుసటి ఏడాది వలస చట్టం వచ్చాయి. అంతకుముందు భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా. ఆ గేటు తెరుచుకోబట్టే తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ ఇంతమంది రాగలిగారు. మనం చదువుతో వచ్చామనుకుంటాం, అది నిజమే. కాని చదువుకున్నవాళ్ళు 1950లోనూ ఉన్నారు గదా.

మరి మన సంగతి? 1950 నాటి మన రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళలోకి ఎవరినీ కులం పేరుతో రానివ్వకపోవడం కూడదని చెప్పింది. 1955లో అంటరానితనాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. అంతకుముందు మద్రాసు రాజధానిలోని కాఫీ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. రైల్వే భోజనశాలల్లో ఆ ఏర్పాటు తొలగింది 1941లోనే. పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి మాత్రం చట్టాలు వచ్చాక కూడా చాలాకాలం సాగింది. మన సభల్లో పాత కాఫీ హోటళ్ళ పెసరట్టు ఉప్మా గురించి చెప్పుకున్నంతగా దీన్ని గురించి చెప్పుకోం. మేమూ చెప్పలేదు.

ఆ ఊల్‌వర్త్ షాపు 2010 ఫిబ్రవరి 1 నుంచి మ్యూజియం. కౌంటరూ స్టూళ్ళూ అక్కడే ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చిన మామయ్యగారిని, పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. బయటికి వచ్చాక మా చిన్నవాడు, ‘తాతయ్యా, మీ ఊళ్ళో కాఫీ హోటల్లో ఎవరైనా కూర్చోవచ్చా?’ అని అడిగాడు. ఆయన కారు ఎక్కేదాకా మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, ‘హోటలు బయట చూరుకు రెండు సత్తు గ్లాసులు వేలాడుతుండేవిరా. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ అక్కడ పెట్టి వెళ్ళేవాళ్ళు. నేను లోపల కూర్చునేవాణ్ణి’ అన్నారు. వాడు ఇంకా ఏదో అడగబోయాడు. ఆయనే వాణ్ణి దగ్గరకు తీసుకుని, హోటలు ఎక్కడుండేదో, చూరు ఎంత ఎత్తో, గ్లాసులు ఏ మేకుకు తగిలించేవారో చెప్పడం మొదలుపెట్టారు. క్యారీ చేరేదాకా చెబుతూనే ఉన్నారు.