మందు స్టెంటూ, నాళపు లోపొరా

గుండెకు రక్తం అందించే కొరొనరీ ధమని లోపలి గోడంతా ఒకే కణం మందాన పరుచుకుని ఉండే లోపొర పేరు ఎండోథీలియం. శ్రమ చేసినప్పుడు గుండెకు ఎక్కువ రక్తం కావాలి. అప్పుడు ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతుంది. దానితో చుట్టూ ఉన్న మృదు కండరం సడలి నాళం వెడల్పవుతుంది. లోపల రక్తం గడ్డకట్టకుండా చూసేదీ, గోడలోని కండర కణాలు మితిమీరి పెరగకుండా అదుపు చేసేదీ ఈ పొరే. పూడిన ధమనిని తెరిచి ఉంచడానికి వచ్చిన సాధనాలన్నీ ఈ పొరను ఏదో ఒక మేరకు గాయపరిచాయి. మందు పూత స్టెంట్ ఆ గాయాన్ని మాననివ్వడంలో కూడా జోక్యం చేసుకుంది.

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో జర్మన్ వైద్యుడు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 38 ఏళ్ల రోగి గుండె ధమనిలోకి సన్నని గొట్టం చివర అమర్చిన బెలూన్‌ను పంపి, ఉబ్బించి, పూడికను గోడకేసి నొక్కాడు. కొరొనరీ బెలూన్ యాంజియోప్లాస్టీకి అది ఆరంభం. అయితే బెలూన్ తీసేశాక సాగిన గోడ కొంత వెనక్కి ముడుచుకునేది. కొందరిలో లోపొర చీలి గంటల్లోనే నాళం మూసుకుపోయేది. ముగ్గురిలో ఒకరికి అటూ ఇటుగా, ఆరు నెలలు తిరిగేలోగా నాళం మళ్లీ సన్నబడేది.

గోడకు లోపలి నుంచి ఆసరాగా లోహపు జాలీని, అంటే స్టెంట్‌ను, నిలపడం తర్వాతి మెట్టు. 1986లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ మనుషుల గుండె ధమనుల్లో తొలి స్టెంట్లు అమర్చారు. జూలియో పాల్మాజ్, రిచర్డ్ షాట్జ్‌ల పేరు మీద వచ్చిన స్టెంట్‌ను బెలూన్‌తో పోల్చిన బెనెస్టెంట్ అధ్యయన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బెలూన్ ఒక్కటే వాడినవారిలో 32 శాతం మందికి నాళం మళ్లీ సన్నబడగా, స్టెంట్ వేసినవారిలో అది 22 శాతం. అమెరికా ప్రభుత్వం ఆ స్టెంట్‌కు అదే ఏడాది అనుమతి ఇచ్చింది. హైదరాబాద్‌లో ఏపీజే అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు కలిసి తక్కువ ధరలో రూపొందించిన కలాం–రాజు స్టెంట్ కూడా 1990లలోని ఈ లోహపు స్టెంట్ల తరానిదే.

గోడ ముడుచుకోవడాన్ని లోహం ఆపింది కానీ కొత్త చిక్కు తెచ్చింది. తీగలు నొక్కుకుపోయిన చోట లోపొర నలిగిపోతుంది. ఆ గాయానికి రక్తఫలకికలు, తెల్లకణాలు చేరతాయి. గోడ మధ్యపొరలోని మృదు కండర కణాలు విభజన చెందుతూ లోపలికి పాకి, స్టెంట్ తీగల మీదుగా మచ్చలాంటి కణజాలం కడతాయి. ఆ కణజాలం మితిమీరితే నాళం మళ్లీ ఇరుకవుతుంది. రేడియేషన్‌తో దాన్ని అణచే పద్ధతి కొన్నాళ్లు నడిచినా నిలవలేదు. కణ విభజనను ఆపే మందును స్టెంట్ మీదే పూసి, నెమ్మదిగా గోడలోకి ఊరేలా చేయాలన్న ఆలోచనే నిలిచింది.

అందుకు మొదట అక్కరకొచ్చిన మందు సిరోలిమస్. 1964లో కెనడా బృందం ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలోని ఒక బాక్టీరియా దీన్ని తయారుచేస్తుందని మాంట్రియల్‌లోని అయెర్స్ట్ ప్రయోగశాల కనుగొంది. ఆ పరిశోధనలో ముఖ్యుడు భారతీయ మూలాలున్న సురేంద్రనాథ్ సెహగల్. దీవికి స్థానికుల పేరు రాపా నుయి కావడంతో మందుకు రాపమైసిన్ అనే పేరు కూడా వచ్చింది. 1999లో కిడ్నీ మార్పిడి రోగుల కోసం అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు, కణం విభజనకు సిద్ధమయ్యే దశలోనే దాన్ని నిలిపేస్తుంది. అదే ఏడాది డిసెంబరులో బ్రెజిల్‌లోని సావో పాలోలో ఎడ్వర్డో సౌజా సిరోలిమస్ పూసిన తొలి స్టెంట్‌ను మనిషికి అమర్చాడు.

2002లో వెలువడిన రావెల్ అధ్యయనంలో 238 మంది రోగులున్నారు. ఆరు నెలలకు మామూలు స్టెంట్ వేసినవారిలో 26.6 శాతం మందికి నాళం మళ్లీ సన్నబడగా, మందు స్టెంట్ వేసినవారిలో ఒక్కరికీ సన్నబడలేదు. 2003 ఏప్రిల్‌లో సిరోలిమస్ స్టెంట్ సైఫర్, 2004 మార్చిలో పాక్లిటాక్సెల్ మందుతో టాక్సస్ అమెరికా మార్కెట్‌లోకి వచ్చాయి. యాంజియోగ్రామ్ తెర మీద సమస్య తీరినట్టే కనిపించింది. అయితే ఆ చిత్రం నాళం ఎంత వెడల్పుందో చెబుతుంది తప్ప లోపొర ఎలా పనిచేస్తోందో చెప్పదు.

దాన్ని పరీక్షించే మార్గం అప్పటికే ఉంది. లోపొరను గీకేసిన కుందేలు ధమని ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానికి సడలదని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపాడు. నైట్రిక్ ఆక్సైడ్ పాత్రను వెల్లడించిన ఈ పరంపరకు 1998లో నోబెల్ దక్కింది. లోపొర ఆరోగ్యంగా ఉంటే ఎసిటైల్‌కోలిన్‌కు ధమని వెడల్పవుతుంది. దెబ్బతింటే అదే మందు నేరుగా కండరం మీద పనిచేసి ధమనిని బిగిస్తుంది.

2005లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ వైద్యులు స్టెంట్ వేసి కొన్ని నెలలైన రోగులను పడుకోబెట్టి సైకిల్ తొక్కిస్తూ యాంజియోగ్రామ్ తీశారు. లోహపు స్టెంట్ ఉన్నవారిలో దాని పక్కభాగాలు శ్రమ వేళ వెడల్పయ్యాయి. సిరోలిమస్ స్టెంట్ ఉన్నవారిలో అవే భాగాలు కుంచించుకుపోయాయి. కండరాన్ని నేరుగా సడలించే నైట్రోగ్లిసరిన్ ఇవ్వగానే అవీ వెడల్పయ్యాయి. అంటే కండరానికి సడలే శక్తి ఉంది, సడలమని చెప్పే లోపొరే మూగబోయింది. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ వైద్యులు ఎసిటైల్‌కోలిన్ పరీక్షలో, స్టెంట్‌కు దిగువ భాగంలో ఇదే లోపాన్ని గమనించారు. రక్తప్రవాహంతో పాటు మందు దిగువకు చేరడం దీనికి ఒక కారణమని భావించారు.

అమెరికాలో రేణు విర్మాణి బృందం మరణానంతర పరీక్షల్లో మరో ముఖాన్ని చూపింది. మామూలు స్టెంట్ల తీగలను కొన్ని నెలల్లోనే కొత్త లోపొర కప్పేస్తుండగా, మందు స్టెంట్లలో ఏడాది దాటినా తీగలు బయటికి కనిపిస్తున్నాయి. మందు కండర కణాలనూ, గాయాన్ని కప్పాల్సిన ఎండోథీలియల్ కణాలనూ ఒకే తీరున ఆపేసింది. మందు కరిగాక కూడా మిగిలిపోయే పాలిమర్ పూత కొందరిలో వాపు రేపింది. కప్పు లేని తీగ మీద రక్తం గడ్డకడితే గుండెపోటు ముంచుకొస్తుంది. 2006లో బార్సిలోనాలో జరిగిన యూరప్ హృద్రోగ నిపుణుల సదస్సులో ఈ ఆలస్యపు గడ్డల మీద పెద్ద దుమారం రేగింది. ఆ తర్వాత, గడ్డకట్టకుండా ఆపేందుకు మొదట మూడు నుంచి ఆరు నెలలే సూచించిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మందుల జోడీని ఏడాది పాటు వాడాలన్న సలహా వచ్చింది.

తర్వాతి తరం ఈ లోపాలనే లక్ష్యంగా పెట్టుకుంది. సైఫర్ తీగ మందం 140 మైక్రాన్లు కాగా, 2008లో అమెరికాలో అనుమతి పొందిన ఎవరోలిమస్ స్టెంట్ జైయెన్స్‌లో అది 81 మైక్రాన్లు. పూత కూడా పలచబడి, రక్తానికి మరింత సరిపడేదయింది. తీగ సన్నగా ఉంటే ప్రవాహంలో సుడులు తగ్గుతాయి, లోపొర త్వరగా కప్పుతుంది. ఈ స్టెంట్లతో ఆలస్యపు గడ్డలు తగ్గాయి, నాళపు స్పందన కూడా మెరుగుపడింది. తర్వాత పూత దానంతటదే కరిగిపోయే స్టెంట్లు వచ్చాయి. సైఫర్ తయారీని ఆపేస్తున్నట్టు 2011లో ప్రకటన వెలువడింది.

లోహం శాశ్వతంగా ఉన్నంతకాలం ఆ భాగం స్వేచ్ఛగా వ్యాకోచించలేదు. స్టెంట్ లోపలి కొత్త కణజాలంలో మళ్లీ కొవ్వు పేరుకోవడం కూడా మందు స్టెంట్లలో త్వరగా మొదలవుతుందని తేలింది. పూర్తిగా కరిగిపోయే అబ్‌సార్బ్ జాలీ 2016లో అమెరికాలో అనుమతి పొందినా, దాని మందపాటి తీగల మీద గడ్డలు ఎక్కువ కట్టడంతో 2017లో అమ్మకం ఆగింది. మందు పూసిన బెలూన్ నాళంలో ఏ వస్తువునూ వదలకుండా మందును మాత్రమే గోడకు అందించే మార్గం. స్టెంట్ లోపల మళ్లీ సన్నబడిన ధమనులకు ఇది పనికొస్తుందని జర్మనీలో 2006లో నిరూపణ కాగా, అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది.