నీటిబాటయా, మెట్టబాటయా?



సరకును తక్కువ వ్యయముతో ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుట యెట్లను ప్రశ్న నేటిది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రము ఏడవ అధికరణమున దీనినే చర్చించినాడు. శ్రమయు వ్యయమును స్వల్పము, మోయు సరకు అధికము గావున నీటిబాటయే మేలని పూర్వాచార్యుల మతము. నీటిబాటకు అడ్డంకులు మెండు, అన్ని కాలములందును అది పనికిరాదు, ఆపద వచ్చినచో ప్రతిక్రియ లేదు, కావున మెట్టబాటయే మేలని కౌటిల్యుని సిద్ధాంతము. అయినను నదీమార్గము నిత్యోపయోగమని ఆయనయే యొప్పుకొనెను. ఈ వాదము మన తెలుగుదేశమున గడచిన రెండువందల యేండ్లలో ఎట్లు పరీక్షకు నిలిచెనో నేడు మనవిచేసెదను.

బాటలు సరిగా లేని కాలమున మన సరకులు మోసినవి పెరికెద్దులు. లంబాడీల తాండాలు తీరమునందలి ఉప్పును ఎగువసీమలకు గొనిపోయి, మరలునప్పుడు ప్రత్తియు ధాన్యమును దెచ్చుచుండెను. వట్టి వీపుతో ఎద్దును నడపుట నష్టమని వారెరుగుదురు. 1632లో పీటర్ మండీ యను ఆంగ్లయాత్రికుడు ఉత్తర హిందూస్థానమున పదునాలుగువేల ఎద్దులుగల తాండా నొకదానిని చూచి వ్రాసియుంచెను. దినమునకు ఆరేడు మైళ్లకు మించని నడక. దారిప్రక్క పచ్చికయే ఎద్దునకు మేత గావున బాడుగ చౌక.

కాని ఆ చౌకదనములోనే పెద్దలోప మొకటి దాగియున్నది. వానలు లేనియేడు పచ్చికయు నుండదు, చెరువున నీరును ఉండదు. ధాన్యము మిక్కిలి యవసరమైన యేటనే దానిని మోయవలసిన ఎద్దు కూలిపోవును. నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమున జరిగినది ఇదియే. పెద్దలు దానిని డొక్కల కరువని చెప్పుకొనుచుండిరి. ఐదులక్షల జనములో సుమారు రెండులక్షలమంది గతించిరని ఆనాటి అంచనా. పశునాశమునకు మేరలేదు. ధాన్యము దేశమున ఎచ్చటను లేక కాదు. చేర్చు సాధనము లేక ఊళ్లు పాడుపడెను.

ఇట్టి విపత్తుల పిమ్మటనే గోదావరికి ఆనకట్ట ఏర్పడెను. ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున 1847లో పని యారంభించి 1852 నాటికి ముగించెను. కృష్ణకు బెజవాడయొద్ద ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. కాటన్ దొర కాలువను పైరునకు మాత్రమే త్రవ్వింపలేదు, పడవకును త్రవ్వించెను. పల్లమునకు దిగుచోట్ల లాకులు కట్టించెను. లాకు అనగా రెండు తలుపుల నడుమనున్న తొట్టి. పడవ లోనికి వచ్చినపిదప తలుపు మూసి, నీరు నింపినచో పడవ పైకి లేచును. విడిచినచో క్రిందికి దిగును. గట్టుమీద మనుష్యులు త్రాడు పట్టి లాగినచో, ఒక్క పడవ పెక్కు పెరికెద్దుల బరువును గొనిపోవును. ఏలూరుకాలువ గోదావరిని కృష్ణతో గలిపెను. కొమ్మమూరుకాలువ పెదగంజాము వఱకు సాగెను. అచ్చటినుండి చెన్నపట్టణము మీదుగా దక్షిణమునకు పోవునది బకింగుహాము కాలువ. 1806లో చెన్నపట్టణమున చిన్నకాలువగ మొదలై, 1876-78 నాటి ధాతుకరువులో కూలిజనుల శ్రమచే పట్టణములోని తునక పూర్తికాగా, 1878లో గవర్నరు పేర నెగడెను. కాకినాడనుండి చెన్నపట్టణమునకు సముద్రము చొరకుండనే పడవ పోగలిగెను. ఆచార్యుల మతమే గెలిచినట్లు తోచెను.

కాని ధాతుకరువు మరియొక పాఠమును నేర్పెను. చెన్నపట్టణమునుండి రాయచూరు వఱకు రైలు 1871 నాటికే పడియున్నది. ధాన్యము రైలుమీద గుత్తి వంటి స్టేషనులకు చేరెను. కాని కర్నూలునకు రైలు లేదు. స్టేషనునుండి ఊళ్లకు బండ్లే దిక్కు. బండి యెద్దులకు మేత లేదు. ఏతాముతో తోడిన నీరు బోదెగండిలో పోయినట్లు, రైలు తెచ్చిన వేగము చివరి కొన్ని ఆమడలలో కరగిపోయెను. రైళ్లకు పోసిన ధనము కాలువలకు పోసియుండవలసినదని కాటన్ దొర వాదించెను. కాని మెట్టసీమలో కాలువకును చిక్కులే యుండెను. కర్నూలు-కడపకాలువను త్రవ్విన కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. గెలుపు నీటిది కాదు, మెట్టది కాదు. తావునకు తగినదానిది, రెండును కలియుచోట ఆలస్యము లేనిదానిది.

రాజమహేంద్రవరమున గోదావరిపై రైలువంతెన 1900లో తెరవబడెను. ఏటేట మరమ్మతులకై కాలువలు కట్టివేయు దినములలో పడవ నిలిచిపోవును, రైలు నిలువదు. పిదప లారీలు వచ్చెను. 1965-66 నాటి తుపానులతో బకింగుహాము కాలువ మిక్కిలి చెడెను. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువలు జాతీయ జలమార్గముగ ప్రకటింపబడెను. ప్రకటనమాత్రమున పడవ నడువదు. లోతు, లాకు, రేవు, తిరుగుసరకు, ఈ నాలుగును కావలెను.

బాడుగతోబాటు సుంకమును తలపవలెను. పెదగంజాము చేరువనున్న మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము వేయించెను. తుపానున ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు లాగికొనుచుండగా, తాను దానిని విడిచి, ముప్పదింట నొకపాలు మాత్రమే సుంకము గైకొందునని ప్రకటించెను. వర్తకునకు కావలసినది దయ కాదు, ముందుగ తెలిసిన లెక్క యని ఆ రాజెరిగెను. కుంఫిణీవారి యేలుబడిలో దారిసుంకములు మరల పెరిగి, చెన్నరాజధానిలో 1844లో రద్దయ్యెను. 2017లో వస్తుసేవాపన్ను వచ్చినప్పుడు రాష్ట్రముల పొలిమేరలందలి అమ్మకపుపన్ను చెక్‌పోస్టులు తొలగెను. నిలిచియున్న లారీ మేత లేకయే డబ్బు తినును. రుణపువడ్డీ, మనుష్యుల కూలి, చెడిపోవు కూరగాయ, అన్నియు అచ్చటనే.

గ్రామపెద్దలు ఈ చరిత్రనుండి గ్రహింపదగినవి మూడు. కళ్లమునుండి బాటవఱకు గల చివరిమైలు చక్కబడనిదే ఎంత గొప్ప రహదారియు రైతును ఆదుకొనదు. లారీ వచ్చిన పిదప బస్తాలు కుట్టుటకన్న, ధాన్యము ఆరబెట్టి తూచియుంచి, నలుగురు రైతుల సరకును ఒక్క బండికి కూర్చుట లాభము. పోవునప్పుడు ధాన్యము, మరలునప్పుడు ఎరువులు. వట్టిబండికి బాడుగ యీయవలదు. ఈ మూడవది ఆ పెరికెద్దులవారు ఏనాడో నేర్చిన విద్యయే.