ఎర్ర మైనస్

2007లో న్యూజెర్సీలో ఉండగా ఈబే అనే వేలం సైటులో నిజాం కాలపు స్టాంపులు కొనేవాణ్ణి. ఒకసారి వచ్చిన స్టాంపుకి మూల చిరిగి ఉంది, ఫొటోలో అది కనబడలేదు. అయినా అమ్మినాయనకి ఆకుపచ్చ ప్లస్సే, అంటే మంచి మార్కే, ఇచ్చాను. ఎర్ర మైనస్ పెడితే మర్నాడే నాకూ ఒకటి తగిలిస్తాడని భయం.

ఈ మార్కుల పద్ధతి ఈబే స్థాపకుడు పియర్ ఒమిడ్యార్ 1996లో పెట్టింది. అంతకు ముందటేడు సైటు మొదలైనప్పుడు అమ్ముడైన తొలి వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటరు, 14.83 డాలర్లకు! ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య బేరం కుదరాలంటే మంచిపేరే పూచీ. అందుకని ఇరువైపులా మార్కులు వేసుకోమన్నాడు.

2008 జనవరిలో, ఈబే పగ్గాలు అందుకోబోతున్న జాన్ డొనహో కొత్త నిబంధనలు ప్రకటించాడు. సరుకు పెట్టే రుసుము తగ్గింది, అమ్ముడైతే కోసుకునేది పెరిగింది. మొదటి 25 డాలర్ల మీద 5.25 శాతం కాస్తా 8.75 అయింది. 20 డాలర్ల స్టాంపు మీద 1.05 డాలర్లు పోయేచోట 1.75 పోతాయన్నమాట. పైగా మే నెల నుంచి అమ్మేవాళ్లు కొన్నవాళ్లకి చెడ్డ మార్కు వేయడానికి వీల్లేదు.

ఫిబ్రవరి 18 నుంచి వారం పాటు కొందరు అమ్మకందారులు సరుకు పెట్టడం మానేశారు. కోత గురించి ఎంత గొణిగినా, అసలు మంట మార్కు గురించేనని నాకనిపిస్తుంది. కోతని ధరలో కలిపేసుకోవచ్చు. పాట పాడి డబ్బు కట్టనివాడి పేరు పక్కన ఆ సంగతి రాసే వీలు పోతే, దాన్నెక్కడ పూడ్చుకుంటారు?

నిబంధనలు మాత్రం ఆగలేదు. ఆ ఏడాది చివర్లో నా మొదటి ఎర్ర మైనస్ వేశాను, ఏ జంకూ లేకుండా.