గాదె ముందు, గద్దె తర్వాత

రాజభవనం అనగానే సింహాసనం, వింజామరలు, నాట్యకత్తెలు కళ్ళముందు మెదులుతారు. అదంతా మన పౌరాణిక సినిమాల పుణ్యం. క్రీటు దీవిలోని నోసోస్ దిబ్బను 1878లో మినోస్ కలోకైరినోస్ తొలిసారి తవ్వినప్పుడు బయటపడినవి వేరు: వరసగా నిలబెట్టిన మనిషెత్తు జాడీలు. 1900 నుంచి ఆర్థర్ ఎవాన్స్ ఆ పని చేపట్టాక ప్రాసాదం మొత్తం వెలుగు చూసింది. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ పూజగదులు, పనివారి చోట్లు, కొట్లు, గొర్రెలెన్నో నూనె ఎంతో లెక్క రాసిన మట్టి పలకలు. సుమారు 3,900 ఏళ్ళ కిందట మొదలైన ఆ కట్టడం రాజుగారి ఇల్లు మాత్రమే కాదు, ఊరి గాదె కూడా. మన సీమ కోటల చరిత్రకు కూడా ఇదే దారి. నోసోస్‌కు చెప్పుకోదగ్గ ప్రాకారం లేదు, మనకు ప్రాకారం లేని మహలు లేదు; పెద్ద తేడా అదొక్కటే.

పెన్న ఎర్రమలను చీల్చుకుని పారే గండి పైన 1123లో కాకరాజు కోటకు పునాది వేశాడని కైఫీయతు చెబుతుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల చేతిలో అది గండికోటగా వాసికెక్కింది. కొండ మీద దిగ్బంధంలో చిక్కుకున్నవాణ్ణి కత్తి కన్నా ముందు కాపాడేవి గింజలూ నీళ్ళూ. కోట లోపల కోనేరు, చెరువు, మాధవరాయ, రంగనాయక ఆలయాలు ఉన్నాయి. మసీదుకు దగ్గరలో మందపాటి గోడలతో, ఎత్తైన కమాను కప్పుతో పెద్ద ధాన్యాగారం ఉంది. దాని లోపల నిలబడి తల పైకెత్తితే, దర్బారుకు తీసిపోని గాంభీర్యం వడ్లకూ జొన్నలకూ దక్కిందనిపిస్తుంది. అంతఃపురమని చూపించేది మొండిగోడలు. గాదె మాత్రం నేటికీ గట్టిగా నిలిచి ఉంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఈ కోటను పట్టాడు. రెండేళ్ళకు ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే కొండ ఎక్కే దారి ఇరుకు గురించీ, ఇక్కడ సాగిన ఫిరంగుల పోత గురించీ రాసిపెట్టాడు.

అంతకు చాలా ముందే విజయనగరపు పెద్ద గద్దె కూలింది. 1565 యుద్ధంలో సుల్తానుల చేతిలో ఓడాక ఆరవీటి వారు హంపి వదిలి పెనుగొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి చేరారు. హంపిలో రాజుల నివాసాల రాతి అరుగులే మిగిలాయి. పైన ఉన్న కలప కాలిపోయింది, కుళ్ళిపోయింది. చంద్రగిరి మూడంతస్తుల రాజమహల్ నిలవడానికి కారణం అందులో కలప వాడకపోవడమే. రాయి, ఇటుక, సున్నం, అంతే. కమానుల్లో సుల్తానుల పోకడ, శిఖరాల్లో గుడిగోపురాల పోకడ. ఓడినవారు గెలిచినవారి చేతిపని నేర్చుకున్నారని కొందరు చిన్నబుచ్చుతారు గానీ, ఆ కలయిక హంపి కమలమహల్ నాటికే ఉంది.

మా రాజంపేట వారికి దగ్గరిది సిద్ధవటం. కడప దారిలో ఒంటిమిట్ట దాటి భాకరాపేట దగ్గర మళ్ళితే పెన్న ఒడ్డున రాతికోట కనబడుతుంది. మట్లి అనంతరాజు దీనికి రాతిగోడలు కట్టించాడు. ఆయన కవి కూడా, కాకుత్స్థ విజయం రాశాడు. తర్వాత కడప నవాబులు, 1779లో హైదరలీ. సిద్ధేశ్వరుడి గుడి, దర్గా ఒకే ప్రాకారంలో ఉండటం ఆ చేతులు మారిన చరిత్రకు గుర్తు.

1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక అసలు మలుపు వచ్చింది. కలెక్టరు థామస్ మన్రో మహలులో కూర్చోలేదు. గుడారాలు వేసుకుని ఊరూరా తిరుగుతూ పొలాలు కొలిపించాడు, పాలెగాళ్ళ కోటల బలం తీసేశాడు. తొలినాళ్ళలో కొంతకాలం సిద్ధవటమే జిల్లా కేంద్రం. తర్వాత కచేరీ కడపకు తరలింది. గింజల రూపంలో వచ్చే శిస్తు రొక్కంగా మారేసరికి గాదెకు పని తగ్గింది, ఖజానాకు పెరిగింది. అందుకే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డప్పుడు దెబ్బ తీసింది ఏ మహలునో కాదు, కోవెలకుంట్ల ఖజానాను.

ఇప్పుడు చంద్రగిరి రాజమహల్ పురావస్తుశాఖ మ్యూజియం. గండికోట నుంచి, యాగంటి నుంచి తెచ్చిన విగ్రహాలు అందులో కొలువున్నాయి. గండికోటకు జనం లోయ చూడటానికి వస్తున్నారు, ఫోటోలు దిగి పోతున్నారు. ధాన్యాగారంలోకి తొంగిచూసేవారు తక్కువ. చూసినవారిలోనూ చాలామంది దాన్ని దర్బారనే అనుకుంటారు.